నొప్పి కంటే ముందు పని చెప్పండి

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో లారీ దింపే ముఠా కూలీకి నడుం నొప్పి. కొల్లేటి చెరువుల్లో తెల్లారకముందే పట్టుబడికి దిగి వల లాగే మనిషికీ నడుం నొప్పే. ఏలూరులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చునే గుమస్తాకూ అదే. ముగ్గురూ పని దిగాక మందుల షాపు ముందు నిలబడి "నడుం నొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటారు. ముగ్గురికీ ఒకే పొట్లం వస్తుంది: ఒక నొప్పి బిళ్ల, ఒక గ్యాస్ బిళ్ల, రంగు చూసి బలానికి అనుకునే ఇంకో బిళ్ల. రెండు రోజులు హాయిగా ఉంటుంది. మూడో రోజు మళ్లీ బస్తా, మళ్లీ వల, మళ్లీ కుర్చీ, మళ్లీ నొప్పి.

షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మీరేం పని చేస్తారు?

ఈ ప్రశ్నను వైద్యంలోకి తెచ్చిన మనిషి ఇటలీలోని మోడెనాలో ఉండేవాడు. పేరు బెర్నార్డినో రామజ్జిని. తన ఇంటి మరుగు గుంత ఎత్తుతున్న పనివాడు ఊపిరి సలపనంత తొందరగా పని చేస్తుంటే, ఎందుకంత తొందర అని అడిగాడట. ఎక్కువసేపు అందులో ఉంటే కళ్లు పోతాయని ఆ పనివాడు చెప్పాడు. దాంతో రామజ్జిని పనుల వెంట, పనివాళ్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. 1700లో పుస్తకం వేశాడు, 1713లో దాన్ని పెంచి మళ్లీ వేశాడు. అందులో మూటలు మోసేవాళ్లున్నారు, చేపలు పట్టేవాళ్లున్నారు, నేతగాళ్లున్నారు, రోజంతా కూర్చుని రాసే గుమస్తాలూ ఉన్నారు. రోగిని అడిగే ప్రశ్నల్లో వృత్తి గురించిన ప్రశ్న కూడా చేర్చాలని ఆయన వైద్యులకు చెప్పాడు. మూడు వందల ఏళ్లు దాటింది. మన ఓపీ క్యూలో ఒక్కొక్కరికి దొరికే రెండు మూడు నిమిషాల్లో డాక్టరు అడగకపోవచ్చు. అడగకపోతే మీరే చెప్పండి. "నడుం నొప్పి" అని మొదలుపెట్టకుండా, "నేను సిమెంటు బస్తాలు దింపుతానండి, కుడి భుజం మీద మోస్తాను, నాలుగు వారాల నుంచి ఎడమ కాల్లోకి లాగుతోంది" అనండి. వైద్యం సగం దారి అక్కడే నడుస్తుంది.

బరువు సంగతి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో బరువులు మోసే పని గురించి ఒక ఒప్పందం చేసింది. దానికి తోడుగా ఇచ్చిన సిఫారసులో మగ మనిషి ఒక్కసారి మోసే బరువు 55 కిలోలు దాటకూడదంది. ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలంది. అమెరికాలో పనిచోటి ఆరోగ్యం చూసే సంస్థ ఇంకా కచ్చితంగా లెక్క కట్టింది. బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే 23 కిలోలు. ఇందులో ఏ ఒక్క షరతు తప్పినా అంకె ఇంకా దిగుతుంది.

మన దగ్గర సిమెంటు బస్తా 50 కిలోలు. గోదావరి జిల్లాల్లో ఎకరాకి ఎన్ని బస్తాలు పండిందని చెప్పుకునే ధాన్యం బస్తా 75 కిలోలు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, నలభై ఏళ్లకే ముఠా మనిషి నడుం ఎందుకు వంగుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా కూలీ గంటకు కాదు, బస్తాకి. ఎంత త్వరగా దింపితే అంత డబ్బు. "జాగ్రత్తగా ఎత్తండి" అని నీతులు చెప్పేవాళ్లు ఈ బస్తా లెక్క సంగతి ఎత్తరు. ఆ లెక్క మారేదాకా కింద చెప్పేవన్నీ ఉపశమనాలే. అయినా నడుం మీది గనుక ఉపశమనాన్నీ వదులుకోకండి.

మొదటిది, లేచిన మొదటి గంట. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేవగానే వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. పొద్దున్నే లారీ వచ్చి ఉంటుంది, ఆగదు. కానీ నిద్ర మొహంతో వెళ్లి నేరుగా మొదటి బస్తా కింద దూరకండి. ఇంటి నుంచి మార్కెట్‌కి నడిచి వెళ్లండి, టీ తాగేటప్పుడు నిలబడే తాగండి, మొదటి పది బస్తాలూ ఇద్దరేసి పట్టుకోండి.

రెండోది, మెలి. బరువు ఎత్తడం కంటే బరువుతో నడుం తిప్పడమే ఎక్కువ చెరుపు చేస్తుంది. లారీ మీద నుంచి బస్తా అందుకుని పాదాలు కదపకుండా పైభాగం మాత్రమే పక్కకి తిప్పి వేయడం అలవాటైపోయిన పని. అక్కడ రెండడుగులు వేసి ఒళ్లంతా తిప్పితే చాలు. మూడోది, ఎత్తు. నేల మీద నుంచి లేపే బస్తా కంటే నడుం ఎత్తు బల్ల మీద నుంచి భుజానికి తీసుకునే బస్తా వెన్నుకి ఎంతో తేలిక. గోడౌన్ యజమానితో మేస్త్రీ ఒక చెక్క బల్ల గురించి మాట్లాడటం పెద్ద కోరికేమీ కాదు. దెబ్బతిన్న కూలీ బదులు కొత్త మనిషిని వెతుక్కోవడం కంటే ఆ బల్లకయ్యే ఖర్చు తక్కువ. ఇలాంటివి ఒక్కడు అడిగితే పొగరంటారు, ముఠా అంతా అడిగితే వింటారు.

నడుం పట్టేసిన రోజు ఏం చేయాలి? మన ఇళ్లలో మొదటి మాట "కదలకుండా పడుకో". ఇది పాత సలహా. ఇప్పుడు వైద్యులు చెప్పేది దీనికి ఎదురు. ఒకటి రెండు రోజుల కంటే ఎక్కువ మంచం పట్టకూడదు. మంచం మీద కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. ఇంట్లో నెమ్మదిగా తిరగండి. వేడి కాపడం పెట్టండి, ఇసుక మూటైనా, ఉప్పు మూటైనా, వేడినీళ్ల సంచైనా ఒకటే. వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వద్దనకండి, ఆ వేడి కండరాన్ని వదులు చేస్తుంది. తగ్గుతున్న కొద్దీ తేలిక పనితో మొదలుపెట్టండి. మామూలు నడుం పట్టు చాలామందిలో ఆరు వారాల్లోపు తగ్గిపోతుంది. మొదటి వారంలోనే ఎక్స్‌రే, ఎమ్మారై అంటూ వేలు పోయక్కర్లేదు. నొప్పే లేని మనుషులకు ఎమ్మారై తీసినా నడివయసు దాటితే చాలామందిలో ఏదో ఒక బిళ్ల జారినట్టో అరిగినట్టో కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసి భయపడి పని మానేసినవాళ్లూ ఉన్నారు.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకూడదు. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, పాదం ఎత్తలేక నేల మీద ఈడ్చుకుపోవడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. నడుం నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిపూట పడుకుంటే ఎక్కువయ్యే నొప్పి, పై నుంచి పడ్డాక వచ్చిన నొప్పి ఉన్నా డాక్టరు చూడాల్సిందే. ఆ స్థితిలో పట్లు తీసేవాళ్ల దగ్గరికి, నడుం తొక్కించుకోవడానికి వెళ్లొద్దు.

నీళ్లలో నిలబడే పని

ఏలూరు నుంచి కైకలూరు వైపు రోడ్డెక్కితే పెదఎడ్లగాడి వంతెన దాటేదాకా రెండు పక్కలా నీళ్లే. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులోని చెరువు గట్లు పేల్చారు. ఇవన్నీ పేపర్లలో వచ్చిన సంగతులు. నీళ్లలో దిగి బతికేవాళ్ల కాళ్ల గురించి మాత్రం పేపర్లలో రాదు.

పట్టుబడి రోజున మనిషి గంటల తరబడి మొలలోతు నీళ్లలో ఉంటాడు. ఊడ్పుల కాలంలో ఆడవాళ్లు రోజంతా బురదలో వంగి ఉంటారు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, లేచిపోయి, దురద పెట్టి, ఆపైన మంట పుడుతుంది. అది బూజు జబ్బు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడానికి మన పెద్దవాళ్లు చెప్పే కారణాల్లో సార్వా ఊడ్పుల్లో కాళ్లు పాడవకుండా ఉంటాయన్నది ఒకటి. అందులో కొంత పస ఉంది. కానీ ఒకసారి పుండు పడ్డాక గోరింటాకుతో కుదరదు. గట్టెక్కగానే మంచినీళ్లతో సబ్బుపెట్టి కడుక్కుని, వేళ్ల సందులు గుడ్డతో పొడిగా తుడుచుకోవాలి. అసలు మందు ఆ తుడుచుకోవడమే. తడి ఉండగా ఎంత ఖరీదైన క్రీమైనా పనిచేయదు. ఆ తర్వాత క్లోట్రిమజోల్ లాంటి బూజు మందు రోజుకి రెండుసార్లు, తగ్గినట్టు కనిపించినా మరో రెండు వారాలు రాయాలి.

ఇక్కడ ఒక మోసం జరుగుతోంది. దురద, తామర అని షాపుకెళ్తే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో బూజు మందుతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజుల్లోనే దురద మాయమవుతుంది, మనిషి మురిసిపోతాడు. లోపల బూజు మాత్రం హాయిగా పాకుతుంది. ఆపగానే రెట్టింపుగా తిరిగొస్తుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. ఈ బెడద దేశమంతా పెరిగిందని 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. చట్టం వచ్చినా అమ్మకం ఆగలేదు. ట్యూబు మీద క్లోబెటసోల్, బీటామెథసోన్ అన్న పేర్లుంటే తిరిగి ఇచ్చేయండి. గజ్జల్లో తామర ఒకరికుంటే ఇంట్లో మిగతావాళ్లకీ ఉండొచ్చు. అందరూ ఒకేసారి మందు వాడాలి, తువ్వాళ్లు వేరుగా ఉండాలి, లుంగీలు ఎండలో ఆరాలి.

షుగరున్నవాళ్లు చెప్పులు లేకుండా చెరువులో, చెరువు గట్టు మీద నడవడం చాలా ప్రమాదం. వాళ్లకు ముల్లు దిగినా తెలియదు. సాయంత్రం పాదాల అడుగులు అద్దంలోనైనా చూసుకోవాలి, లేదా పిల్లల్ని చూడమనాలి. బోదకాలు ఉన్నవాళ్లకీ ఇదే పని: రోజూ సబ్బుతో కడిగి, మడతల్లో తడి లేకుండా తుడిచి, చిన్న గాయమైనా వదిలేయకుండా ఉంటే మాటిమాటికీ వచ్చే జ్వరం, వాపు చాలావరకు తగ్గుతాయి.

జెల్ల చేపో ఇంగిలాయో ముల్లు పొడిస్తే ప్రాణం పోయేంత నొప్పి. దానికో తేలికైన వైద్యం ఉంది. తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చెయ్యిగానీ కాలుగానీ అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడికి ముల్లులోని విషం పని తగ్గుతుంది. పొడిచిన చోట తిమ్మిరెక్కి ఉంటుంది కాబట్టి వేడి సరిపోయిందో లేదో మరో చెయ్యి పెట్టి చూసుకోవాలి, లేకపోతే చర్మం కాలుతుంది. ఆ తర్వాత టీటీ సూది వేయించుకోవాలి. ముల్లు విరిగి లోపల ఉంటే డాక్టరే తీయాలి.

చెరువుల్లో, పొలాల్లో పని చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన జ్వరం ఒకటుంది, ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు, బురద కాలి పుండ్లలోంచి, పగుళ్లలోంచి ఒంట్లోకి దిగితే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఆ నీళ్లు కొల్లేటిలోకి దిగి లంక గ్రామాల చుట్టూ నిలిచినట్టు, వరద నిలిచిన ప్రతిసారీ దీని భయం ఉంటుంది. జ్వరంతో పాటు పిక్కలు ముట్టుకుంటే ఓర్వలేనంత నొప్పి, కళ్లు ఎర్రబారడం దీని గుర్తులు. చాలామంది దీన్ని పని నొప్పి అనుకుంటారు. పని నొప్పి విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది, జ్వరం ఉండదు. పిక్కల నొప్పి, జ్వరం కలిసి వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి "నేను చెరువులో పని చేస్తాను" అన్న ముక్క తప్పకుండా చెప్పాలి. మొదట్లో మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. ఆలస్యమైతే కామెర్లు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

కుర్చీ, మగ్గం, గల్లా పెట్టె

ఏలూరు తివాచీల పేరు దేశదేశాల్లో ఉంది. ముడి ముడీ వేళ్లతో వేసి, కత్తితో కోసి, మళ్లీ ముడి వేసే ఆ పనిలో ముందు అలిసేవి బొటనవేలు, మణికట్టు, మెడ. ఉన్ని ధూళికి దగ్గు కూడా ఉంటుంది. మిషను కుట్టేవాళ్లకీ, బ్యాంకులో, ఆఫీసులో కీబోర్డు కొట్టేవాళ్లకీ ఇదే తంతు, పేర్లే వేరు. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి నిద్ర లేపితే, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందని అర్థం. పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా ఒక పట్టీ కట్టుకుంటే తొలిదశలో చాలామందికి సర్దుకుంటుంది.

కుర్చీవాళ్లకు చెప్పేదేమంటే, మంచి కుర్చీ అంటూ లేదు. మధ్యమధ్యలో లేచే కుర్చీయే మంచి కుర్చీ. అరగంటకోసారి లేవండి. మంచినీళ్ల బాటిల్ బల్ల మీద పెట్టుకోకుండా దూరంగా పెట్టుకుంటే ఆ లేవడం దానంతటదే జరుగుతుంది. స్క్రీను కళ్ల ఎత్తుకి రావాలి, దానికి నాలుగు పాత రిజిస్టర్లు చాలు. మన ఆఫీసుల్లో వాటికి కొదవేముంది!

గంటల తరబడి నిలబడే పనివాళ్ల బాధ వేరు. ఏలూరు, తాడేపల్లిగూడెం బట్టల షాపుల్లో అమ్మాయిలు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. సాయంత్రానికి మడమలు, పిక్కలు లాగుతాయి, నరాలు ఉబ్బుతాయి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపు పనివాళ్లకు కూర్చునేందుకు సీటు ఇవ్వాలని చట్టాలు సవరించాయి. ఏ చట్టమూ చెప్పేదాకా ఆగకుండా, బేరం లేనప్పుడు ఒక స్టూలు మీద కూర్చోనిచ్చే యజమాని నష్టపోయేది ఏమీ లేదు.

ఈ అమ్మాయిల విషయంలోనే ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. బాత్రూం లేదనో, దూరమనో, సూపర్‌వైజర్ గుడ్లురుముతాడనో రోజంతా మూత్రం ఆపుకుంటారు. ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లే తాగరు. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లదీ, మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే ఆడవాళ్లదీ అదే కథ. దాని ఫలితం మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, నెలకోసారి యాంటీబయాటిక్ కోర్సు. ఇది ఆడవాళ్ల జబ్బు కాదు, బాత్రూం లేని పనిచోటు తెచ్చిపెట్టిన జబ్బు. చలి జ్వరం, వీపు పక్క నొప్పి కూడా కలిస్తే కిడ్నీకి పాకినట్టే, ఆ రోజే వైద్యం చేయించుకోవాలి. యజమానితో మాట్లాడేటప్పుడు "నీళ్లు తాగనివ్వండి, బాత్రూం తాళం మా దగ్గర ఉండనివ్వండి" అని నలుగురూ కలిసి అడగండి.

బిళ్లల లెక్క

నొప్పికి ముందు పూత మందు రాసుకోవడం తెలివైన పనే. పచ్చకర్పూరపు వాసన, పుదీనా పువ్వు చలువ, చర్మం కింద కొద్దిగా వేడి కలిసి మెదడుకు వెళ్లే నొప్పి కబురును పక్కకి నెడతాయి. ఈ వ్యాపారానికి మన తెలుగునాట గొప్ప చరిత్రే ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు. తలనొప్పి మందు ఒక పత్రికను పోషించిందంటే మన తలనొప్పులు ఏ పాటివో చూడండి. పూత మందును పుండు మీద రాయకూడదు, రాసిన చోట వేడి కాపడం పెట్టకూడదు, పసిపిల్లలకు వాడకూడదు.

బిళ్లకు వస్తే, పారాసిటమాల్ మొదటిది. పెద్దవాళ్లకు ఒకసారికి 500 మిల్లీగ్రాముల నుంచి గ్రాము దాకా, కనీసం నాలుగైదు గంటల తేడాతో, రోజంతా కలిపి నాలుగు గ్రాములు దాటకూడదు. రోజూ మద్యం తాగేవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు అందులో సగానికే ఆగాలి. మోసం ఎక్కడంటే, ఒళ్లు నొప్పుల బిళ్ల, జలుబు బిళ్ల, జ్వరం బిళ్ల పేర్లు వేరైనా మూడింటిలోనూ పారాసిటమాల్ ఉండొచ్చు. పేరు కాదు, పట్టీ వెనక చిన్న అక్షరాలు చదవండి.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రెండో రకం. ఇవి నొప్పినీ వాపునీ బాగా తగ్గిస్తాయి, కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీ మీద భారం వేస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగని మనిషి కిడ్నీకి రక్తం తక్కువగా అందుతూ ఉంటుంది. ఆ సమయంలో ఈ బిళ్ల వేస్తే అందే ఆ కాస్త రక్తమూ తగ్గుతుంది. ఎండాకాలం లారీ దించేవాళ్లకు, చెరువు కూలీలకు ఇది పుస్తకాల్లోని హెచ్చరిక కాదు. వేయాల్సి వస్తే ఏదైనా తిన్న తర్వాత, నీళ్లు బాగా తాగి, మూడు నాలుగు రోజులకు మించకుండా వేసుకోండి. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా అస్సలు వేయొద్దు. డెంగీ కాలంలో జ్వరానికి కూడా ఇవి వద్దు, రక్తస్రావం జరగొచ్చు. జ్వరం ఏదో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూది గురించి రెండు మాటలు. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికేది ఆయనే, ఆ మేలు కాదనలేం. కానీ ఒక్క సూదితో వారం రోజులు ఒళ్లంతా తేలికైపోతే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. మాటిమాటికీ అదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, మొహం ఉబ్బుతుంది. "ఏ మందు వేస్తున్నారు, చీటీ మీద రాసివ్వండి" అని అడగండి. రాయనంటే ఆ సూది మీకు అక్కర్లేదు.

గ్యాస్ నొప్పి అనుకున్నది

ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు నొప్పి. చెమటలు. నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతుంది. మన ఊళ్లలో మొదట చేసే పని సోడా తాగడం, తర్వాత గ్యాస్ బిళ్ల, తర్వాత "కాసేపు పడుకో". ఆ కాసేపట్లోనే గుండె కండరం కొంత చచ్చిపోతుంది. బరువు పని చేసేవాడు "నాకు గుండెపోటేంటి, రోజూ బస్తాలు మోస్తాను" అనుకుంటాడు. బస్తాలు మోసే మనిషి రోజుకో కట్ట బీడీలు కాలిస్తే గుండె వాటినీ లెక్కలో వేసుకుంటుంది. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి ఎక్కువ లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే ఉండొచ్చు. ఈ గుర్తులు కనిపించగానే 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీసే ఆసుపత్రికే వెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. బైకు మీద వెనక కూర్చోబెట్టి ఆర్‌ఎంపీ ఇంటికి తీసుకెళ్లడం వద్దు.

ఒక్క మనిషిది కాని బాధ కూడా ఉంటుంది. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్ టౌన్‌లో ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛ వచ్చి జనం పడిపోయారు. వారం రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ మొదటి రోజు ప్రతి ఇంటివాళ్లూ తమ మనిషికే ఏదో అయిందనుకుని ఉంటారు. మీ గోడౌన్లో, చేపల ప్యాకింగు షెడ్డులో, పిచికారీ ముఠాలో ఒకే రోజు నలుగురికి తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం వస్తే అది విడివిడిగా వచ్చిన అస్వస్థత కాదు. పని ఆపి గాలిలోకి రండి. పురుగుమందు కొడుతున్నవాళ్లైతే బట్టలు మార్చి ఒళ్లు కడుక్కోండి. ఆ మందు డబ్బా వెంట పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

సెలవు, డబ్బు

ఇన్ని చెప్పినా చివరికి మనిషి నొప్పితోనే పనికి వెళ్లేది కూలీ పోతుందని. ఇక్కడ చాలామందికి తెలియని హక్కు ఈఎస్ఐ, అంటే పనివాళ్ల ఆరోగ్య బీమా. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న మిల్లులు, షాపులు, హోటళ్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో నెల జీతం 21 వేలు దాటనివాళ్లు దీని కిందికి వస్తారు. జీతంలోంచి 0.75 శాతం మీది, 3.25 శాతం యజమానిది. దానికి బదులు మీకూ కుటుంబానికీ వైద్యం ఉంటుంది. పెద్ద వైద్యానికి విజయవాడ, రాజమండ్రి ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి. ఆరు నెలల కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద జబ్బు సెలవుకి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్లు పని చేయలేకపోతే 90 శాతం ఇస్తారు, దానికి 78 రోజుల లెక్క కూడా ఉండదు. అందుకే పనిలో దెబ్బ తగిలితే ఎంత చిన్నదైనా ఆ రోజే ప్రమాదాల పుస్తకంలో రాయించండి. రెండు నెలల తర్వాత చెయ్యి లేవనప్పుడు ఆ ఒక్క రాతే సాక్ష్యం.

ముఠా కూలీలకు, చెరువు కూలీలకు, ఊడ్పుల ఆడవాళ్లకు ఈ నీడ లేదు. వాళ్లు బీపీ, షుగరు మందులైనా డబ్బు పెట్టి కొనకుండా ఊరికి 104 వాహనం వచ్చే రోజు తెలుసుకుని తెచ్చుకోవాలి. ఆ రోజు ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. ఆపరేషన్ల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పనికొస్తుంది. నొప్పితో ఇంట్లో ఉన్న రోజుల కూలీ మాత్రం ఎవరూ ఇవ్వరు. అది ఈ వ్యవస్థలో ఉన్న లోటు, బిళ్లలతో పూడేది కాదు.

జీతం తీసుకునేవాళ్లు ఈ నెల జీతం చీటీ ఒకసారి తీసి చూడండి. ఈఎస్ఐ కింద కోత ఉంటే మీ నంబరు, కార్డు అడిగి తీసుకోండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట పని చేస్తూ, జీతం 21 వేలు దాటకుండా ఉండీ ఆ కోత కనిపించకపోతే, ఎందుకు లేదో యజమానిని అడగండి.